మన పిల్లలు చదువుతున్న నాలుగు ఊహా సమాజాలు
ఇంగ్లిష్ సాహిత్య పాఠం: 7 నుంచి 10వ తరగతి విద్యార్థుల తల్లిదండ్రుల కోసం



ఈ మధ్య మీ అబ్బాయి లేదా అమ్మాయి స్కూల్ బ్యాగులో లైబ్రరీ స్టాంపు వేసిన ఒక లావుపాటి ఇంగ్లిష్ నవల కనిపించి ఉండవచ్చు. అట్ట మీద బంగారు రంగు పక్షి బొమ్మో, గడ్డం ఉన్న ముసలాయన ఫోటోనో, మంటల చక్రమో ఉండి ఉంటుంది. పేరెంట్ టీచర్ మీటింగుల్లో ఈ పుస్తకాల గురించి మమ్మల్ని తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. మొదటిది, సిలబస్‌లో లేని కథల పుస్తకానికి ఇంత సమయం ఎందుకు అని. రెండోది, పిల్లలు పిల్లలను చంపుకునే కథలు, పెద్దల మాట కాదని పారిపోయే కథలు మన పిల్లల చేతికి ఎందుకు ఇవ్వాలి అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఒక్క మాటలో జవాబు చెప్పడం కంటే, క్లాసులో ఈ నవలలను మేము ఎలా చదివిస్తామో చూపిస్తే మీకే ఒక అభిప్రాయం ఏర్పడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

డిస్టోపియా అంటే ఏమిటి?

1516లో థామస్ మోర్ అనే ఇంగ్లిష్ రచయిత ఒక ఊహా ద్వీపం గురించి పుస్తకం రాసి, దానికి 'యుటోపియా' అని పేరు పెట్టారు. గ్రీకు మూలాల నుంచి కల్పించిన ఆ మాటకు 'ఎక్కడా లేని చోటు' అని అర్థం. వినడానికి 'మంచి చోటు' అన్నట్టు కూడా ఉంటుంది. దానికి వ్యతిరేకంగా పుట్టిన మాట డిస్టోపియా, అంటే చెడిపోయిన చోటు. 1868లో బ్రిటిష్ పార్లమెంటులో జాన్ స్టూవర్ట్ మిల్ ఒక ప్రసంగంలో ఈ అర్థంలోనే ఆ మాట వాడారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆల్డస్ హక్స్‌లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్' (1932), జార్జ్ ఆర్వెల్ '1984' (1949) నవలలతో ఇది ఒక సాహిత్య ప్రక్రియగా స్థిరపడింది.

అవి పెద్దల నవలలు. వాటిలో కథానాయకులు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. టీనేజ్ పాఠకుల కోసం వచ్చిన నవలల్లో మాత్రం కథ నడిపేది 12 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలు. ఈ తేడా చాలా ముఖ్యమైనది. సమాజం తమను ఏ గూటిలో పెట్టబోతోందో తేలే వయసులో ఉన్న పిల్లలు వాళ్లు. చదివే మన పిల్లలదీ అదే వయసు.

క్లాసులో ఒక విషయం ముందే చెబుతాను. ఈ నవలల్లో ఏ ప్రభుత్వమూ తనది దుర్మార్గపు పాలన అని చెప్పుకోదు. ప్రతి ఒక్కటీ తాను ప్రజలను ఏదో ఒక ఆపద నుంచి కాపాడుతున్నానని చెబుతుంది. ఆ మాటలో ఎంత నిజం ఉంది, ఆ రక్షణకు ఎవరు ఎంత మూల్యం చెల్లిస్తున్నారు అని లెక్క చూడటమే పాఠకుడి పని.

నాలుగు కథలు క్లుప్తంగా

ఒక హెచ్చరిక: కింద కథల్లోని కీలకమైన మలుపులు చెప్పక తప్పలేదు. ఇంకా చదవని పిల్లలకు ఈ పేజీ చూపించకండి.

'ద గివర్' (1993) రాసినవారు లోయిస్ లౌరీ. అమెరికాలో బాలసాహిత్యానికి ఇచ్చే న్యూబరీ మెడల్ 1994లో ఈ పుస్తకానికి వచ్చింది. జోనస్ అనే అబ్బాయి ఉండే ఊళ్లో ఆకలి లేదు, గొడవ లేదు, అబద్ధం లేదు. రంగులు కూడా లేవు. పిల్లలకు 12 ఏళ్లు నిండే వేడుకలో ఎవరు ఏ పని చేయాలో పెద్దల సంఘం ప్రకటిస్తుంది. ఊరంతా మరచిపోయిన గత జ్ఞాపకాలను ఒక్కడే మోసే పని జోనస్‌కు వస్తుంది.

'ద హంగర్ గేమ్స్' (2008) సుజాన్ కాలిన్స్ రాసిన మూడు నవలల వరుసలో మొదటిది. పానెం అనే దేశంలో కాపిటల్ అనే సంపన్న రాజధాని, దాని కింద 12 జిల్లాలు ఉంటాయి. ఎప్పుడో తిరుగుబాటు చేసినందుకు శిక్షగా, ఏటా ఒక్కో జిల్లా నుంచి 12 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని లాటరీ తీసి పంపాలి. ఆ 24 మందిలో ఒక్కరు మిగిలే వరకు పోరాటం. దేశమంతా దాన్ని టీవీలో చూసి తీరాలి. 12 ఏళ్ల చెల్లెలి పేరు లాటరీలో వస్తే, ఆమె బదులు 16 ఏళ్ల కాట్నిస్ వెళుతుంది.

'డైవర్జెంట్' (2011) వెరోనికా రాత్ కాలేజీలో చదువుకుంటూ ఉండగా రాసిన మొదటి నవల. భవిష్యత్తులోని షికాగో నగరంలో జనం ఐదు వర్గాలుగా బతుకుతారు: నిస్వార్థం, ధైర్యం, జ్ఞానం, నిజాయితీ, శాంతి. 16 ఏళ్లకు ఒక ఆప్టిట్యూడ్ పరీక్ష రాసి, జీవితాంతం ఉండాల్సిన వర్గాన్ని ఎంచుకోవాలి. బియాట్రిస్ అనే అమ్మాయి ఆ పరీక్షలో ఏ ఒక్క వర్గానికీ సరిపోదు.

'అగ్లీస్' (2005) స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ రాశారు. ఇక్కడ 16 ఏళ్లు నిండగానే ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ చేసి అందమైన ముఖం ఇస్తారు. అప్పటిదాకా అందరూ అధికారికంగా 'వికారులు'. టాలీ అనే అమ్మాయి ఆ రోజు కోసం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.

పోల్చడం ఎలా?

పిల్లలను రెండు పుస్తకాలు పోల్చమంటే ఎక్కువమంది మొదటి కథ చెప్పి, తర్వాత రెండో కథ చెప్పి, చివర 'రెండూ బాగున్నాయి' అని ముగిస్తారు. అది పక్కపక్కన పెట్టడమే అవుతుంది. పోల్చాలంటే ముందు ప్రశ్న ఉండాలి. రెండు బియ్యం బస్తాలను పోల్చేటప్పుడు ధర చూస్తాం, పాతవా కొత్తవా అని చూస్తాం, వండితే అన్నం ఎలా ఉంటుందో అడుగుతాం. అలాగే నవలలకూ కొన్ని గీటురాళ్లు కావాలి. మేము నాలుగు ప్రశ్నలు వాడతాం.

మొదటి ప్రశ్న: ఏ ఆపదను చూపించి ఆ సమాజం తనను సమర్థించుకుంటోంది?

పానెం పాలకులు పాత తిరుగుబాటును చూపిస్తారు. పోటీలు ఆపితే మళ్లీ యుద్ధం వస్తుందంటారు. జోనస్ ఊళ్లో పెద్దలు ఆకలిని, బాధను, తప్పు ఎంపికల వల్ల వచ్చే నష్టాన్ని చూపిస్తారు. ఎంచుకునే వీలే లేకపోతే తప్పు ఎంచుకునే ప్రమాదం ఉండదన్నది వాళ్ల తర్కం. షికాగో వాసులు యుద్ధాలకు కారణం మనిషిలోని ఒక్కో దుర్గుణం అని నమ్మారు. పిరికితనం అన్నవాళ్లు ధైర్యం వర్గమయ్యారు, అజ్ఞానం అన్నవాళ్లు జ్ఞానం వర్గమయ్యారు. 'అగ్లీస్' సమాజం మన కాలాన్నే ఉదాహరణగా చూపిస్తుంది: రూపాన్ని బట్టి మనుషుల్ని తక్కువ చేసిన కాలం, అడవులను నాశనం చేసిన కాలం. అందరికీ సమానమైన అందం ఇస్తే ఆ వివక్ష పోతుందన్నది వాళ్ల వాదన.

ఇక్కడ పిల్లలు ఒక విషయం గమనిస్తారు. నాలుగు ఆపదలూ నిజమైనవే. యుద్ధం నిజం, ఆకలి నిజం, రూపాన్ని బట్టి చిన్నచూపు చూడటం నిజం. జబ్బు నిజమైనంత మాత్రాన మందు సరైనదని ఎలా అనుకుంటాం? ఎనిమిదో తరగతి పిల్లలు ఈ ప్రశ్న వేయగలిగితే, రేపు పత్రిక చదివినా, ఫోన్‌లో ఎవరో పంపిన మెసేజ్ చదివినా అదే ప్రశ్న వేస్తారు.

రెండో ప్రశ్న: పిల్లలను ఎవరు, ఎలా విడదీస్తున్నారు?

నాలుగు నవలల్లోనూ ఒక వేడుక ఉంటుంది. పానెంలో అది లాటరీ. పైకి అందరికీ సమానంగా కనిపిస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. 12 ఏళ్లకు ఒక చీటీ, 13కి రెండు, అలా ఏటా ఒకటి పెరుగుతుంది. పేద కుటుంబాల పిల్లలు అదనపు చీటీలు వేసి, ఒక్కో చీటీకి ఒక మనిషికి ఏడాదికి సరిపడా కాస్త ధాన్యం, నూనె తీసుకోవచ్చు. ఈ చీటీలూ ఏటా కలుస్తూ పోతాయి. తనకు, తల్లికి, చెల్లెలికి కలిపి ఏటా మూడు అదనపు చీటీలు వేసిన కాట్నిస్ పేరు 16 ఏళ్లకు 20 సార్లు ఉంటుంది: వయసు వల్ల 5, తిండి కోసం 15. ఐదుగురున్న ఇంటిని పోషించే ఆమె స్నేహితుడు గేల్ పేరు 18 ఏళ్లకు 42 సార్లు ఉంటుంది: వయసు వల్ల 7, తిండి కోసం 35. తిండికి లోటు లేని ఇంట్లో పుట్టి ఉంటే అతని చీటీలు ఏడే. ఈ లెక్కను బోర్డు మీద వేయించినప్పుడు క్లాసు నిశ్శబ్దం అయిపోతుంది. 'రూల్ అందరికీ ఒకటే' అన్న మాట వెనక ఏముందో పిల్లలకు అంకెల్లో కనిపిస్తుంది.

జోనస్ ఊళ్లో లాటరీ లేదు. పెద్దలు పిల్లలను ఏళ్ల తరబడి శ్రద్ధగా గమనించి, వాళ్లకు తగిన పనినే ఇస్తారు. ఎంపిక చాలావరకు సరిపోతుంది కూడా. లోపం ఒక్కటే: పిల్లల ఇష్టం ఎవరూ అడగరు. 'డైవర్జెంట్'లో దానికి భిన్నంగా ఎంచుకునే హక్కు పిల్లలకే ఇస్తారు. అయితే ఇంటి వర్గం కాదని వేరేది ఎంచుకున్నవాళ్లు అమ్మానాన్నలకు దాదాపు పరాయివాళ్లవుతారు. శిక్షణలో విఫలమైనవాళ్లు ఏ వర్గమూ లేకుండా వీధిన పడతారు. పేరుకు స్వేచ్ఛ ఉంది, తప్పు చేసి సరిదిద్దుకునే అవకాశం మాత్రం లేదు. 'అగ్లీస్'లో ఎంపిక అన్న మాటే రాదు, ఎందుకంటే పిల్లలందరికీ ఆ ఆపరేషనే కావాలి. వాళ్లకు అదే కావాలనిపించేలా చిన్నప్పటి నుంచి పెంచారు. ఒకరి ముఖంలోని లోపాన్ని బట్టి ఒకరికి మారుపేర్లు పెట్టుకోవడం వాళ్లకు మామూలు ఆట.

మూడో ప్రశ్న: దేనితో లొంగదీస్తున్నారు?

పానెంలో ఆకలి, భయం, టీవీ. దేశం పేరు కూడా లాటిన్ మాట నుంచి వచ్చింది. 'రొట్టె, వినోదం' చూపించి జనాన్ని లొంగదీసుకోవచ్చని ప్రాచీన రోమన్ కవి జువెనల్ ఎత్తిపొడిచాడు. ఆ లాటిన్ మాటల్లో రొట్టెకు ఉన్న పేరే పానెం. ఒక రాత్రి టీవీ ఛానెళ్లు మారుస్తూ ఉంటే ఒకచోట రియాలిటీ షో, మరోచోట ఇరాక్ యుద్ధ దృశ్యాలు వచ్చాయని, రెండూ కలగలిసిపోతున్నట్టు అనిపించిందని, ఈ నవల ఆలోచన అక్కడే మొదలైందని కాలిన్స్ చెప్పారు. ఏథెన్స్ నగరం ఏడుగురు అబ్బాయిలను, ఏడుగురు అమ్మాయిలను రాక్షసుడికి ఆహారంగా పంపిన గ్రీకు పురాణ కథ మరో ప్రేరణ. బకాసురుడి కథ తెలిసిన మన పిల్లలకు ఈ వంతుల పద్ధతి వెంటనే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, బకాసురుడికి ప్రేక్షకులు లేరు. కాపిటల్‌లో పందాలు కాసేవాళ్లు, కానుకలు పంపే స్పాన్సర్లు, ఇంటర్వ్యూలు చేసే యాంకర్ ఉన్నారు.

జోనస్ ఊళ్లో ఆయుధం మర్యాద. పొద్దున కలలు చెప్పుకోవాలి, రాత్రి భావాలు చెప్పుకోవాలి, తప్పు చేస్తే నిర్ణీత వాక్యంలో క్షమాపణ కోరాలి. భాష కచ్చితంగా ఉండాలన్నది నియమం. జోనస్ అమ్మానాన్నలను తన మీద ప్రేమ ఉందా అని అడిగితే, ఆ మాటకు స్పష్టమైన అర్థం లేదని, సరైన పదం వాడమని నవ్వుతూ సరిదిద్దుతారు. ఒక పదాన్ని పాతబడిందని పక్కన పెట్టేస్తే, ఆ పదం మోసే అనుభవం గురించి అడగడానికి కూడా పిల్లవాడికి మాట దొరకదు. ఇంగ్లిష్, తెలుగు రెండు భాషల మధ్య పెరుగుతున్న మన పిల్లలతో ఈ సన్నివేశం మీద మంచి చర్చ జరుగుతుంది. ఇంగ్లిష్‌లోకి రాని తెలుగు మాటలు చెప్పమంటే 'అలక', 'మొహమాటం', 'బెంగ' అని వరుసగా చెబుతారు. ఆ మాటలే లేకపోతే అమ్మమ్మ మీద బెంగ పెట్టుకున్నానని ఎలా చెప్పాలి అని వాళ్లే అడుగుతారు.

'డైవర్జెంట్'లో సాధనం గుర్తింపు. నేను ఫలానా వర్గం అన్న గర్వం ముందు వస్తుంది, ఇంజెక్షన్ తర్వాత వస్తుంది. చివరికి ధైర్యం వర్గం వాళ్లను మందుతో నిద్రలో నడిచేవాళ్లలా మార్చి, నిస్వార్థ వర్గం మీదికి తుపాకులతో పంపిస్తారు. 'అగ్లీస్'లో సాధనం సంతోషం. పార్టీలు, కొత్త బట్టలు, అందరి మెప్పు. ముఖానికి ఆపరేషన్ చేసేటప్పుడే మెదడులోనూ మార్పు చేసి, ఆలోచించే పదును తగ్గిస్తున్నారని టాలీకి తర్వాత తెలుస్తుంది. ఈ నవల 2005లో వచ్చింది. సెల్ఫీలను ఫిల్టర్లతో దిద్దుకుంటూ పెరుగుతున్న పిల్లలకు దీని మీద మేము ప్రత్యేకంగా వివరించాల్సింది పెద్దగా ఉండదు.

నాలుగో ప్రశ్న: కళ్లు ఎప్పుడు తెరుచుకుంటాయి, తర్వాత ఏం జరుగుతుంది?

ఇలాంటివి చదివితే పిల్లలు మాకు ఎదురు తిరగరా అన్న మీ సందేహానికి జవాబు ఇక్కడుంది. కాట్నిస్‌కు విప్లవం గురించి ఏ ఆలోచనా లేదు. ఆమె కదిలింది చెల్లెలి కోసం. జోనస్ ఊరు వదిలింది గాబ్రియెల్ అనే పసివాడిని చంపబోతున్నారని తెలిసి. ఇద్దరూ నియమం మీరడం సరదా కోసం కాదు, తమకంటే చిన్న ప్రాణాన్ని కాపాడటానికి. బియాట్రిస్, టాలీ మాత్రం తమ కోరికతో మొదలుపెడతారు. బియాట్రిస్‌కు తన ఇంటి జీవితం ఇరుకుగా అనిపిస్తుంది. టాలీ అయితే అందం దక్కదేమోనన్న భయంతో స్నేహితురాలి ఆచూకీ కనిపెట్టి చెప్పే గూఢచారిగా వెళుతుంది. ఆ పని వల్ల ఇతరులకు జరిగిన నష్టం చూశాక బాధ్యత తెలుసుకుని, మందు పని చేస్తుందో లేదో పరీక్షించడానికి తన శరీరాన్నే అప్పగిస్తుంది. ఈ పిల్లల దారులు వేరైనా, ప్రతి ఒక్కరూ తమ నిర్ణయానికి మూల్యం తామే చెల్లిస్తారు.

మూడో భాగమైన 'మాకింగ్‌జే' (2010)లో కాలిన్స్ ఇంకో అడుగు ముందుకు వేశారు. గెలిచిన తిరుగుబాటు నాయకురాలు కాపిటల్ పిల్లలతో చివరిసారిగా అవే పోటీలు పెడదామంటుంది. బాధితుల చేతికి అధికారం వచ్చినా అన్యాయం అన్యాయమే అని నవల చెబుతుంది. తండ్రి వియత్నాం యుద్ధంలో పనిచేసిన వైమానిక దళ అధికారి కావడం వల్ల, యుద్ధం ఇంటి మనుషుల మీద వేసే భారం ఈ రచయిత్రికి చిన్నప్పుడే తెలుసు.

ఈ కథలు పుస్తకాల్లోనే ఆగిపోలేదు కూడా. 'హంగర్ గేమ్స్'లో జనం గౌరవ సూచకంగా మూడు వేళ్లు పైకెత్తుతారు. 2014లో థాయిలాండ్‌లో సైనిక కుట్ర తర్వాత నిరసనకారులు, 2021లో మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక అక్కడి యువత అదే సంకేతాన్ని వాడారు.

ఏది ఎక్కువ భయంకరం?

ఈ ప్రశ్నతో ఏటా ఒక డిబేట్ పెడతాం. మొదట ఎక్కువ చేతులు 'హంగర్ గేమ్స్'కే లేస్తాయి, రక్తం కనిపిస్తుంది కాబట్టి. అప్పుడు 'ద గివర్'లోని ఒక సన్నివేశం చదివిస్తాను. జోనస్ తండ్రి పసిపిల్లల సంరక్షకుడు. మృదువుగా మాట్లాడే మనిషి, పిల్లలంటే ప్రాణం. కవలలు పుడితే ఊళ్లో ఒకరినే ఉంచుకోవాలి. బరువు తక్కువగా ఉన్న బిడ్డకు ఆయనే ముద్దు మాటలు చెబుతూ సూది మందు ఇస్తాడు. ఊరి భాషలో దాని పేరు 'విడుదల'. ఆ రికార్డింగ్ చూసిన రోజే జోనస్‌కు ఆ మాట అసలు అర్థం తెలుస్తుంది.

కాపిటల్‌లో చెడ్డవాళ్లు ఎవరో మనకు తెలుసు, ద్వేషించడం తేలిక. ఇక్కడ ద్వేషించడానికి ఎవరూ దొరకరు. ఆ తండ్రి దుర్మార్గుడా అని అడిగితే క్లాసు రెండుగా చీలుతుంది. తెలియక చేశాడని కొందరు, చేతిలో ఉన్న బిడ్డ కదలడం ఆగిపోయింది కదా, అప్పుడైనా తెలియాలి కదా అని కొందరు. మర్నాడు కూడా ఆ వాదన లంచ్ బ్రేక్‌లో కొనసాగుతుంది. నా దృష్టిలో 'ద గివర్' నాలుగింటిలో బలమైనది ఇందుకే. మంచివాళ్లు, ప్రేమగా, పద్ధతి ప్రకారం తప్పు చేయవచ్చని పిల్లలకు చెప్పే పుస్తకాలు అరుదు.

ర్యాంకుల గురించి ఒక మాట

ఇది కాస్త సున్నితమైన విషయం. అయినా చెప్పాలి. 'హంగర్ గేమ్స్'లో పోటీకి ముందు పిల్లలకు 12కి స్కోరు వేసి దేశమంతటికీ చూపిస్తారు. 'డైవర్జెంట్'లో ధైర్యం వర్గంలో చేరిన కొత్తవాళ్లకు ర్యాంకులు ఇచ్చి బోర్డు మీద పెడతారు. మొదటి పదిమందికే చోటు. మొదటి ర్యాంకు వచ్చిన అబ్బాయి కంట్లో రెండో ర్యాంకు అబ్బాయి ఆ రాత్రే కత్తి గుచ్చుతాడు. బియాట్రిస్ ర్యాంకు పెరిగినకొద్దీ స్నేహితులు దూరమవుతారు. ర్యాంకులో వెనకబడిన ఒక స్నేహితుడు ఆమె మీదే దాడికి తోడవుతాడు, తర్వాత సిగ్గుతో ప్రాణం తీసుకుంటాడు.

మన రాష్ట్రాల్లో పదో తరగతి తర్వాత, 15, 16 ఏళ్ల వయసులో ఎంపీసీనా బైపీసీనా అన్నది తేలిపోతుంది. అంతకు ముందు నుంచే ఫౌండేషన్ క్లాసులు, వీకెండ్ టెస్టులు, మార్కుల జాబితాలు. ఆ నవలలోని సమాజానికీ మన చదువులకూ పోలిక పెట్టడం నా ఉద్దేశం కాదు. మనం పరీక్ష పెట్టేది పిల్లలు ఎదగాలని. కానీ పిల్లలు పోల్చుకుంటున్నారు. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి తన నోట్‌బుక్‌లో, జోనస్‌కు పని ఇచ్చేముందు పెద్దలు ఏళ్ల తరబడి అతన్ని గమనించారు, నన్ను మాత్రం మార్కుల షీటులోనే గమనిస్తున్నారు అని రాసింది. ఆ వాక్యానికి మార్కులు ఎన్ని వేయాలో నాకు తోచలేదు. కింద 'మాట్లాడుకుందాం' అని రాసి, మాట్లాడాను. నేరుగా చెప్పుకోలేని విషయాన్ని పిల్లలు కథ చాటున చెబుతారు. మనం వినడానికి అది మంచి అవకాశం.

ఈ నవలల లోపాలు

మెచ్చుకోవడంతో పాటు విమర్శించడం కూడా నేర్పిస్తాం. 'డైవర్జెంట్'లోని ఐదు వర్గాల ఏర్పాటు నమ్మదగ్గట్టు ఉండదు. ఒక మనిషిలో ధైర్యం, జ్ఞానం రెండూ ఉండటం అంత విడ్డూరమా అని పిల్లలే అడుగుతారు. చాలా నవలల్లో ఒక్క టీనేజ్ అమ్మాయి సమాజాన్నంతా కదిలించేస్తుంది. నిజ జీవితంలో మార్పు ఎందరో కలిసి, ఏళ్ల తరబడి పనిచేస్తే వస్తుంది. ప్రేమకథ కొన్నిచోట్ల అసలు విషయాన్ని పక్కకు నెట్టేస్తుంది. సినిమా చూసి పుస్తకం చదివినట్టే అనుకునేవాళ్లకు మరో మాట: కాట్నిస్ మనసులో నడిచే లెక్కలు, అనుమానాలు తెర మీద చాలావరకు కనిపించవు. ఆమెకు కాపిటల్ విలాసాల మీద ఉన్న ఏవగింపు చదివితేనే తెలుస్తుంది.

ఎవరికి, ఎప్పుడు?

'ద గివర్' చిన్న పుస్తకం, భాష తేలిక. 7వ తరగతి నుంచి చదవవచ్చు. 'అగ్లీస్' 8వ తరగతి నుంచి. 'హంగర్ గేమ్స్' మొదటి భాగం 8వ తరగతి చివర్లో, 'మాకింగ్‌జే'లో యుద్ధ హింస ఎక్కువ కాబట్టి 9, 10 తరగతుల్లో. 'డైవర్జెంట్' 9వ తరగతి నుంచి. వయసు కంటే పిల్లల స్వభావం ముఖ్యం. సున్నితమైన పిల్లలైతే మీరు ముందు చదివి నిర్ణయించండి.

రెండు చోట్ల మీ తోడు అవసరం. 'ద గివర్'లో జోనస్ కంటే ముందు ఆ పని నేర్చుకున్న అమ్మాయి బాధ భరించలేక తానే 'విడుదల' కోరుకుంటుంది. 'డైవర్జెంట్'లోని ఆత్మహత్య గురించి పైన చెప్పాను. పిల్లలు ఆ అధ్యాయాలు చదువుతున్న వారంలో ఒక సాయంత్రం పక్కన కూర్చోండి. ఆ పిల్లవాడు ఎవరితోనైనా మాట్లాడి ఉంటే ఏమయ్యేది అని అడగండి. మార్కులు తగ్గినా ఈ ఇంట్లో నీ చోటు ఎక్కడికీ పోదని ఆ రోజు నోరు తెరిచి చెప్పండి. తెలిసే ఉంటుందిలే అని ఊరుకోకండి. మాటల్లో, నిద్రలో, తిండిలో మార్పు కనిపిస్తే క్లాస్ టీచర్‌కు, కౌన్సెలర్‌కు వెంటనే చెప్పండి. ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. మన భాషలో మాట్లాడతారు.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

పుస్తకం మీరు చదవకపోయినా ఈ ప్రశ్నలు అడగవచ్చు. తెలుగులోనే అడగండి. ఇంగ్లిష్‌లో చదివినదాన్ని తెలుగులో వివరించగలిగితే పిల్లలకు అది నిజంగా అర్థమైనట్టే.

1. ఆ ఊళ్లో ఉన్న రూల్స్‌లో నీకు మంచిదనిపించిన రూల్ ఏది? ఎందుకు?

2. ఆ పద్ధతి వల్ల లాభం ఎవరికి? నష్టం ఎవరికి? నష్టపోయేవాళ్లు ఎందుకు ఊరుకుంటున్నారు?

3. అక్కడ ఏ మాటను అసలు అర్థం దాచడానికి వాడుతున్నారు?

4. నువ్వు ఆ ఊళ్లో తల్లివో తండ్రివో అయితే పిల్లలకు ఏం చెబుతావు?

5. మన ఇంట్లో ఉన్న ఒక రూల్‌కు కారణం ఏమిటో నీకు తెలుసా? తెలియకపోతే అడుగు.

అయిదో ప్రశ్నకు మీరు సిద్ధంగా ఉండాలి. ఫోన్ రాత్రి తొమ్మిదికి ఎందుకు ఇచ్చేయాలో, ట్యూషన్ ఎందుకో, ఆట సమయం ఎందుకు తగ్గిందో పిల్లలు అడుగుతారు. కారణం చెప్పగలిగిన రూల్‌ను పిల్లలు ఎక్కువగా గౌరవిస్తారని నా అనుభవం. కారణం మనకే దొరకకపోతే ఆ రూల్‌ను మరోసారి చూసుకోవచ్చు. నాలుగు నవలల్లోని పెద్దలూ చేయనిది అదే.

ఈ నెల 8, 9 తరగతుల పిల్లలకు ఇచ్చిన పని ఇది: ఏవైనా రెండు నవలలు తీసుకుని, పై నాలుగు ప్రశ్నల్లో ఒక్కదాని మీద 250 పదాల్లో పోలిక రాయాలి. కథ చెప్పడానికి మొదటి మూడు వాక్యాలకు మించి వాడకూడదు. ప్రతి అభిప్రాయానికి పుస్తకంలోని ఒక సంఘటన సాక్ష్యంగా ఉండాలి. ఇచ్చేముందు ఇంట్లో ఒకరికి చదివి వినిపించి, వాళ్లు అడిగిన ఒక ప్రశ్నను వ్యాసం చివర రాసుకురమ్మన్నాను. కాబట్టి దయచేసి పది నిమిషాలు కూర్చుని వినండి, ఒక్క ప్రశ్న అడగండి. తెలుగులో అడిగినా రాసుకుంటారు.

మీ,
ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు
హైస్కూల్ విభాగం